అద్భుత కథను తిరగరాసిన యంగ్ అడల్ట్ ఫాంటసీ రొమాన్స్ చదవడం ఎలా: ఒడిశా సరిహద్దు తెలుగు పాఠకులకు సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గునుపూరు, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్లలో పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. హైస్కూలుకు వచ్చేసరికి వాళ్ల చేతుల్లో లావుపాటి ఇంగ్లీషు ఫాంటసీ నవలలు కనబడుతున్నాయి. వాటిలో చాలావరకు పాత యూరప్ అద్భుత కథను తీసుకుని, దానికి ఒక రాజ్యాన్ని, ఒక శాపాన్ని, ఒక ప్రేమను కలిపి 400 పేజీలకు పెంచినవే. సిండ్రెల్లా, బ్యూటీ అండ్ ద బీస్ట్, స్లీపింగ్ బ్యూటీ కథలే మళ్లీ మళ్లీ కొత్త బట్ట కట్టుకుని వస్తాయి. పిల్లలు ఉత్సాహంగా మొదలుపెడతారు. 80వ పేజీ దగ్గర బుక్‌మార్క్ అలాగే ఉండిపోతుంది.

దీనికి భాష ఒక కారణమే గానీ అసలు కారణం అది కాదు. ఈ నవలలు రాసేవాళ్లు పాఠకుడికి పాత కథ తెలుసనే లెక్కతో రాస్తారు. రోజా పువ్వు కనబడగానే పాఠకురాలి గుండె ఝల్లుమనాలని, చెప్పు జారిపడాల్సిన చోట పడకపోతే ఆమె ఉలిక్కిపడాలని వాళ్ల ఉద్దేశం. పాత కథ తెలియనివాళ్లకు రోజా పువ్వు రోజా పువ్వే, చెప్పు చెప్పే. అందుకే ఈ పద్ధతి నవలతో మొదలవదు, మూలకథతో మొదలవుతుంది.

మొదటి మెట్టు: ఏ కథో కనుక్కోండి

చాలా పుస్తకాల వెనక అట్ట మీదే ఏ కథకు రీటెల్లింగో రాసి ఉంటుంది. లేకపోతే అట్ట బొమ్మ, మొదటి రెండు అధ్యాయాలు చూస్తే దొరుకుతుంది. రోజా, మృగం, ఎవరూ లేని కోట ఉంటే బ్యూటీ అండ్ ద బీస్ట్. కదురు, ముళ్ల కంచె, పసికందుగా ఉన్నప్పుడే తగిలిన శాపం ఉంటే స్లీపింగ్ బ్యూటీ. గడ్డిని బంగారంగా వడకడం, ఎవరిదో రహస్య నామం ఊహించడం ఉంటే రంపెల్‌స్టిల్ట్‌స్కిన్. రాత్రికి రాత్రే అరిగిపోయే జోళ్లు కనబడితే పన్నెండుమంది నాట్య రాకుమార్తెల కథ. అన్ని గదుల తాళంచెవులూ ఇచ్చి ఒక్క గది మాత్రం తెరవొద్దన్నాడంటే బ్లూబియర్డ్. దాసి రాకుమార్తె స్థానంలో కూర్చుని, అసలు రాకుమార్తె బాతులు కాస్తుంటే గూస్ గర్ల్. తెల్ల ఎలుగుబంటి, అర్ధరాత్రి వెలిగించిన కొవ్వొత్తి కనబడితే నార్వే కథ ఈస్ట్ ఆఫ్ ద సన్ అండ్ వెస్ట్ ఆఫ్ ద మూన్.

కొన్ని నవలలు రెండు కథలను కలుపుతాయి. అప్పుడు రెండిటినీ చదవాలి, అయినా గంటన్నరకు మించి పట్టదు.

రెండో మెట్టు: మూలకథను రెండు పాఠాల్లో చదవండి

ఒక్కటి చాలదు, రెండు కావాలి. ఎందుకో సిండ్రెల్లానే తీసుకుని చూడండి. ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చేసిన కథలో దేవత లాంటి గాడ్‌మదర్ ఉంది. గుమ్మడికాయ బండి అవుతుంది, ఆరు చిట్టెలుకలు గుర్రాలవుతాయి, ఒక పెద్ద ఎలుక బండివాడవుతుంది, ఆరు బల్లులు సేవకులవుతాయి. గాజు చెప్పు, అర్ధరాత్రి గడువు రెండూ ఇందులోవే. చివర సిండ్రెల్లా అక్కలను క్షమించి, గొప్పింటి వాళ్లకిచ్చి పెళ్లిళ్లు చేయిస్తుంది.

జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో మొదట వేసి, 1819 కూర్పులో మార్చిన పాఠంలో గాడ్‌మదర్ లేదు, గుమ్మడికాయ లేదు, అర్ధరాత్రి గంట లేదు. తల్లి సమాధి మీద నాటిన హేజెల్ కొమ్మ కన్నీళ్లతో తడిసి చెట్టవుతుంది. ఆ చెట్టు మీది తెల్ల పిట్ట కోరినవి కింద పడేస్తుంది. విందు మూడు రోజులు సాగుతుంది. మూడో రోజు రాకుమారుడు మెట్లకు తారు పూయిస్తాడు, బంగారు చెప్పు అక్కడ అతుక్కుపోతుంది. ఆ చెప్పులో పాదం పట్టడానికి ఒక అక్క బొటనవేలు, ఇంకొక అక్క మడమ కోసుకుంటారు. దారిలో నెత్తురు కారుతోందని పావురాలు అరిచి చెబుతాయి.

ఇప్పుడు నవలలో కథానాయిక చనిపోయిన తల్లి సమాధి దగ్గరి చెట్టుతో మాట్లాడితే, రచయిత్రి గ్రిమ్ దారిలో ఉందని, ముందుముందు నెత్తురు ఉందని మీకు ముందే తెలుస్తుంది. గాజు, గడియారం, అద్దాల మెరుపు ఉంటే పెరో దారి. ఒక్క పాఠమే చదివితే ఈ తేడా చిక్కదు.

ఈ పాత కథలకు కాపీరైట్ తీరిపోయింది, డబ్బు పెట్టక్కర్లేదు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైటులో ఆండ్రూ లాంగ్ 1889లో వేసిన బ్లూ ఫెయిరీ బుక్ ఉచితంగా దొరుకుతుంది. సిండ్రెల్లా, బ్యూటీ అండ్ ద బీస్ట్, స్లీపింగ్ బ్యూటీ, బ్లూబియర్డ్, రంపెల్‌స్టిల్ట్‌స్కిన్, గూస్ గర్ల్, ఈస్ట్ ఆఫ్ ద సన్ అన్నీ ఆ ఒక్క పుస్తకంలోనే ఉన్నాయి. రాపుంజెల్, నాట్య రాకుమార్తెలు, స్నో వైట్ కావాలంటే మరుసటి ఏడు వచ్చిన రెడ్ ఫెయిరీ బుక్ చూడండి. రెండో పాఠానికి గ్రిమ్ కథల ఇంగ్లీషు అనువాదం కూడా అక్కడే ఉంది. ఫోనులో ఒకసారి దించుకుంటే సిగ్నల్ దొరకని ఊళ్లలో కూడా చదువుకోవచ్చు.

సినిమా చూశాం, కథ తెలుసు అనుకోవద్దు. బ్యూటీ అండ్ ద బీస్ట్ అనగానే పిల్లలకు మాట్లాడే గడియారం, కొవ్వొత్తి స్తంభం గుర్తొస్తాయి. మదామ్ ద విల్నవ్ 1740లో రాసిన మూలంలోనూ, దాన్ని మదామ్ ద బోమోన్ 1756లో కుదించిన పాఠంలోనూ అవి లేవు. బోమోన్ పాఠంలో ఉన్నది రోజూ రాత్రి భోజనాల వేళ మృగం అడిగే ఒకే ఒక్క ప్రశ్న: నన్ను పెళ్లి చేసుకుంటావా? రోజూ ఆమె కాదంటుంది. నవలలు ఎక్కువగా ఆడుకునేది ఆ ప్రశ్నతోనే. సినిమా మాత్రమే తెలిసినవాళ్లు దాన్ని గుర్తుపట్టకుండానే దాటిపోతారు.

మూడో మెట్టు: ఆనవాళ్ల పేజీ

నోటుబుక్కులో ఒక పేజీ తీసి మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో మూలకథలోని ఆనవాళ్లు తొమ్మిది వరుసల్లో రాయండి. బ్యూటీ అండ్ ద బీస్ట్ అయితే ఇలా వస్తుంది: తండ్రి ఓడలు పోయి దివాలా తీయడం, చిన్న కూతురు రోజా అడగడం, పువ్వు తెంపినందుకు ప్రాణానికి ప్రాణం బేరం, కనబడని చేతులు సేవ చేసే కోట, రాత్రి ప్రశ్న, పుట్టింటికి గడువు పెట్టి పంపడం, గడువు దాటడం, మృగం చావుబతుకుల్లో పడటం, ఆమె ఒప్పుకోగానే రూపం మారడం.

రెండో గడిలో నవలలో అది వచ్చిన పేజీ, మూడో గడిలో ఏం మారిందో నాలుగు మాటల్లో రాయండి. అంతకు మించి నోట్సు వద్దు, పరీక్ష పుస్తకంలా చేస్తే ప్రేమకథ రుచి పోతుంది.

మార్పులు నాలుగు రకాలు. కొన్ని ఆనవాళ్లు ఉన్నవున్నట్టే వస్తాయి. కొన్నిటి వేషం మారుతుంది: రోజా స్థానంలో మందుమొక్క, ఓడ స్థానంలో కరవు. కొన్ని తలకిందులవుతాయి: శాపం అమ్మాయికి తగులుతుంది, కోటకు బందీగా వచ్చేది అబ్బాయి. కొన్ని పూర్తిగా మాయమవుతాయి. మాయమైన వాటి మీదే ఎక్కువ ఆలోచించమని మా సలహా. గడువు అనే ఆనవాలు నవలలో లేదనుకోండి, అమ్మాయి పుట్టింటికి వెళ్లి ఎప్పుడైనా తిరిగి రావచ్చనుకోండి, అప్పుడు ఆమెను వెనక్కు రప్పించేది భయం కాదు. ప్రేమ బరువంతా ఆ మార్పు మీదే నిలుస్తుంది.

గడువు విషయంలో ఒక చిన్న సంగతి. బోమోన్ పాఠంలో మృగం ఇచ్చే గడువు ఒక వారం. విల్నవ్ కథను ఆధారం చేసుకున్న లాంగ్ పాఠంలో రెండు నెలలు. నవలలో ఎంత ఇచ్చారో చూస్తే రచయిత్రి బల్ల మీద ఏ పుస్తకం ఉందో కొంతవరకు ఊహించవచ్చు.

నాలుగో మెట్టు: కొనేముందు మూడు చూపులు

మొదట వయసు. యంగ్ అడల్ట్ అంటే సుమారుగా 12 నుంచి 18 ఏళ్ల పాఠకుల కోసం. కథానాయికకు సాధారణంగా 16 నుంచి 18 ఏళ్లు ఉంటాయి. కానీ అదే రకం అట్ట, అదే రకం బంగారు అక్షరాలు, అదే రకం పేరుతో పెద్దవాళ్ల కోసం రాసిన ఫాంటసీ రొమాన్సులు పక్కనే పేర్చి ఉంటాయి. వాటిలో పడకగది దృశ్యాలు దాచకుండా ఉంటాయి. అట్ట చూసి తేడా పట్టలేరు. ప్రచురణకర్త పెట్టిన వయసు సూచన కోసం వెనక అట్ట, లోపలి కాపీరైట్ పేజీ చూడండి, అక్కడ లేకపోతే ప్రచురణకర్త సైటులో ఆ పుస్తకం ఏ విభాగంలో ఉందో చూడండి. బిడ్డకు కొనిచ్చే అమ్మానాన్నలు ఈ ఒక్క పనీ మానకూడదు.

రెండోది, ఒంటి పుస్తకమా, వరుసలో మొదటిదా. మొదటిదైతే కథ తెగకుండానే ఆగిపోవచ్చు. చిన్న ఊళ్లకు రెండో భాగం తెప్పించుకోవాలంటే ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. కొత్తగా చదవడం మొదలుపెట్టేవాళ్లకు ఒంటి పుస్తకమే మేలు.

మూడోది, మొదటి పేజీ. నిలబడి ఒక పేజీ చదవండి. అర్థం కాక ఆగిపోయిన మాటలు అయిదారు దాకా ఉంటే పర్వాలేదు. పదిహేను దాటితే ఆ పుస్తకాన్ని ఏడాది తర్వాతకు పెట్టుకుని ఇంకొకటి తీయండి.

అయిదో మెట్టు: మొదటి 50 పేజీలు

చేతులెత్తేసేది ఎక్కువమంది ఇక్కడే. కొత్త రాజ్యాలు, నోరు తిరగని పేర్లు, వంశాలు, దేవుళ్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. మ్యాపు ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి, మాటిమాటికీ వెనక్కు తిప్పక్కర్లేదు. పేర్లను ఎలా పలకాలో అని బెంగ వద్దు. మీకు వచ్చినట్టు తెలుగులో ఒకసారి రాసుకోండి, ఆ తర్వాత పుస్తకమంతా అదే పేరు. పేరు పక్కన ఒక గుర్తు: తండ్రి, సవతి తల్లి, సేనాపతి, నమ్మకూడని స్నేహితురాలు. పది పేర్లు రాస్తే చాలు. మిగతావాళ్లు రెండోసారి కనబడేదాకా రాయొద్దు.

అధ్యాయం తలమీద మనిషి పేరు ఉందేమో చూడండి. ఉంటే కథను ఇద్దరు మార్చి మార్చి చెబుతున్నారని లెక్క, ఎక్కువగా అమ్మాయి ఒక అధ్యాయం, అబ్బాయి ఒక అధ్యాయం. తలపేరు చూడకుండా చదివితే 'నేను' అన్నది ఎవరో తెలియక రెండు పేజీలు వృథా అవుతాయి.

డిక్షనరీకి ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఒకే మాట మూడోసారి ఎదురైతేనే చూడాలి. మొదటిసారే చూడటం మొదలుపెడితే ఫోను చేతిలోకి వస్తుంది, ఫోను వస్తే నవల కిందకు పోతుంది. కొన్ని మాటలు మాత్రం ముందే తెలిసి ఉండాలి. ఈ నవలల్లో కోర్ట్ అంటే రాజు కొలువు. గ్లామర్ అంటే కంటిని మోసం చేసే మాయ. హైర్ అంటే గద్దెకు వారసులు. రీజెంట్ అంటే వారసులు పెద్దయ్యేదాకా రాజ్యం నడిపేవాడు, కుట్ర ఎక్కువగా అతని గదిలోంచే మొదలవుతుంది. ఫే అంటే మనుషులు కాని, చావు త్వరగా రాని, అందమైన ప్రమాదకరమైన జాతి.

వేగం సంగతికొస్తే, ఇంగ్లీషు మూడో భాషైన పాఠకులు గంటకు 20 నుంచి 25 పేజీలు చదవగలిగితే బాగా చదువుతున్నట్టే. రోజుకు 25 పేజీలంటే 400 పేజీల పుస్తకం 16 రోజుల్లో అవుతుంది. ఆదివారం ఒక్కరోజే వంద పేజీలు లాగి, మళ్లీ వారం దాకా ముట్టకపోతే పేర్లన్నీ మరిచిపోతారు. రోజూ కాస్త చదవడమే నిలబడుతుంది. కరెంటు పోయిన సాయంత్రాలకు అచ్చు పుస్తకం కన్నా ఫోనులో ఈ-బుక్కే అక్కరకొస్తుంది.

ఆరో మెట్టు: మాయకు లెక్క రాయండి

మంచి ఫాంటసీలో మాయ ఊరికే రాదు. మూడు ప్రశ్నలు వేసుకోండి: ఈ శక్తి ఎక్కడి నుంచి వస్తోంది? దీనికి ఎవరు ఏం చెల్లిస్తున్నారు? ఇది ఏం చేయలేదు? మూడోదే ముఖ్యం. చివరి వంద పేజీల చిక్కుముడి దాదాపు ఎప్పుడూ మాయ చేయలేని దాని చుట్టూనే పడుతుంది.

ఫే జాతి ఉన్న నవలల్లో కొన్ని నియమాలు పదేపదే వస్తాయి. వాళ్లు అబద్ధం ఆడలేరు, కానీ నిజాన్ని మెలితిప్పి చెబుతారు. వాళ్ల తిండి తింటే వాళ్ల లోకంలో చిక్కుకుపోతారు. అసలు పేరు తెలిసినవాళ్లకు మనిషి మీద పట్టు చిక్కుతుంది. ఇనుము వాళ్లను కాలుస్తుంది. ఈ ఇనుము నమ్మకం బ్రిటన్ జానపదం నుంచి వచ్చింది, అక్కడ గుమ్మాలకు గుర్రపు నాడా కొట్టేవాళ్లు. బాలింత మంచం కింద ఇనప కత్తి పెట్టే ఇళ్లు మనవైపూ ఉన్నాయి గనక మన పిల్లలకు ఈ నియమం విడమరిచి చెప్పే పని ఉండదు.

బేరం కుదిరిన చోట మాత్రం ఆగండి. ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా నోటుబుక్కులోకి ఎక్కించండి. ఉదాహరణకు మృగం ఇలా అన్నాడనుకుందాం: 'నువ్వు నా కోటలో ఉన్నంతకాలం నీ ఇంటివాళ్లకు ఆకలి తెలియదు.' వినడానికి దయగా ఉంది. ఇప్పుడు ఒక్కొక్క ముక్క పట్టుకోండి. 'నా కోటలో' అన్నాడు. తోట కోట కిందకు వస్తుందా? గోడ దాటి అడవిలో పది అడుగులు వేస్తే? 'నీ ఇంటివాళ్లకు' అన్నాడు; పెళ్లై వెళ్లిపోయిన అక్క ఇంటి మనిషా, కాదా? 'ఆకలి తెలియదు' అన్నాడు గానీ తిండి పెడతానని అనలేదు. ఆకలి తెలియని మనిషి తినడం మానేసి చిక్కిపోతాడు. అమ్మాయి మూడు వందల పేజీల తర్వాత ఇంటికి వెళ్లి నవ్వుతూ ఎముకల గూళ్లలా కూర్చున్న తండ్రినీ తమ్ముడినీ చూస్తుంది. మాట నిలబెట్టుకున్నాడు, మోసమూ చేశాడు. నైపుణ్యం ఉన్న రచయితలు ఇలాంటి బేరాన్ని 60వ పేజీలో పెట్టి 360వ పేజీలో విప్పుతారు. వాక్యం రాసి పెట్టుకున్న పాఠకురాలు ఆ రెండు పేజీల మధ్య తానే ఊహించడం మొదలుపెడుతుంది. ఈ పుస్తకాల్లో దొరికే గొప్ప ఆనందాల్లో ఇది ఒకటి.

ఏడో మెట్టు: ప్రేమను కూడా కథగా చదవండి

ప్రేమ దారి ఇలా సాగుతుంది: మొదటి తగవు లేదా మొదటి చూపు, ఇద్దరూ ఒకే చోట ఉండక తప్పని పరిస్థితి, సగం దగ్గర మనసు బయటపడే ఘట్టం, మూడొంతులు దాటాక నమ్మకద్రోహం లాంటి విరుపు, చివర మళ్లీ కలవడం. నవలను నాలుగు భాగాలు చేసి గుర్తు పెట్టుకుంటే ఇవి ఎక్కడెక్కడ పడుతున్నాయో కనబడుతుంది. విరుపు దగ్గర పుస్తకం విసిరికొట్టే పిల్లలుంటారు. అది ముగింపు కాదని, ఇంకా పావు వంతు పుస్తకం ఉందని చెప్పాలి.

అయితే చూడాల్సిన అసలు సంగతి వేరే ఉంది: ఆమె ఒప్పుకోలు. పాత కథల్లో ఇది బలహీనమైన చోటు, కొత్త నవలలు చేయి పెట్టేది ఇక్కడే. స్లీపింగ్ బ్యూటీలో గ్రిమ్ రాకుమారుడు నిద్రపోతున్న అమ్మాయిని ముద్దుపెట్టుకుంటాడు. పెరో పాఠంలో ముద్దే లేదు. అతను ఆమె పక్కన మోకరిల్లుతాడు, నూరేళ్ల గడువు తీరింది గనక ఆమె తనంతట తాను లేస్తుంది. ఇప్పటి నవల రాసేవాళ్లకు ఈ రెండు దారులూ తెలుసు. ఏది ఎంచుకున్నారు, లేక ఇద్దరూ కలలో ముందే కలుసుకున్నట్టు మూడో దారి వేశారా అని చూడండి.

బ్యూటీ అండ్ ద బీస్ట్ రీటెల్లింగ్ అయితే ఈ ప్రశ్నలు వేసుకోవాలి: తలుపు తెరిచి ఉన్నప్పుడు కూడా ఆమె ఉంటుందా? అతను కోపం తగ్గించుకున్నది ఆమె అందం చూసా, తన తప్పు తెలిసా? ఆమె కాదన్న రోజు అతనేం చేశాడు? పాత మృగం వందసార్లు కాదనిపించుకున్నా చేయెత్తలేదు. కొత్త నవలలో అబ్బాయి గోడకు గుద్ది, తలుపు తాళం వేసి, ఆమె వెనక మనుషులను పెట్టి, అదంతా ప్రేమేనని రాస్తే ఆ పుస్తకం మూలకథ కన్నా వెనక్కు నడిచినట్టే. పదిహేనేళ్ల అమ్మాయితో ఈ మాట సూటిగా మాట్లాడాలి. పుస్తకం లాక్కోవడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆమె ఆ ప్రశ్న తానే వేసుకునేలా చేస్తే తర్వాతి పుస్తకానికీ అది పనికొస్తుంది.

ఎనిమిదో మెట్టు: మన కథలను పక్కన పెట్టుకోండి

సరిహద్దు పాఠకులకు ఉన్న బలం ఇదే. రెండు భాషల కథలు వింటూ పెరిగినవాళ్లు, ఒకే కథ రెండు ఇళ్లలో రెండు రకాలుగా సాగుతుందని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటారు.

భాద్రబ నెల ఆదివారాల్లో ఒడియా ఆడపిల్లలు ఖుదురుకుణి ఓషా అనే నోము చేసేటప్పుడు తపోయి కథ చెప్పుకుంటారు. వీధిలో ఉన్న తెలుగు పిల్లలకూ అది తెలుసు. ఏడుగురు అన్నల గారాల చెల్లెలు తపోయి. అన్నలు ఓడల మీద వ్యాపారానికి పోగానే వదినలు ఆమెతో మేకలు కాయించి, తినడానికి నూకలు పెట్టి ఏడిపిస్తారు. చిన్న వదిన ఒక్కతే జాలి చూపిస్తుంది. తపోయి మంగళ అమ్మవారికి మొక్కుతుంది, అన్నలు తిరిగొస్తారు, వదినలకు శిక్ష పడుతుంది. దీన్ని సిండ్రెల్లా పక్కన పెట్టి చూడండి. ఇంట్లోనే హింస, పని, కడుపుకు చాలని తిండి, సాయం చేసే దైవశక్తి, చివర తారుమారు, ఇవన్నీ రెండిటిలోనూ ఉన్నాయి. రాకుమారుడు మాత్రం లేడు. తపోయిని కాపాడేది పెళ్లి కాదు, పుట్టింటివాళ్ల రాక. ఈ తేడా పట్టుకున్న పాఠకురాలు సిండ్రెల్లా నవల చదివేటప్పుడు రాకుమారుణ్ణి తీసేస్తే ఈ కథ నిలబడుతుందా అని అడగగలదు. ఇప్పటి మంచి రీటెల్లింగులు కొన్ని ఆ ప్రశ్నకు జవాబుగానే రాసినవి.

తెలుగువైపు నుంచి బాలనాగమ్మ కథ తీసుకోండి. మాయల ఫకీరు ఆమెను ఎత్తుకుపోతాడు. అతని ప్రాణం ఒంట్లో లేదు, ఎక్కడో దూరాన చిలకలో ఉంది. రష్యా కథల్లో కష్చేయ్ అనే మాంత్రికుడి ప్రాణం సూది మొనలో, ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో ఉంటాయి. జానపద కథల జాబితా వేసిన పండితులు ఈ తరహాకు 302 అని అంకె ఇచ్చారు. సిండ్రెల్లాది 510ఏ, బ్యూటీ అండ్ ద బీస్ట్‌ది 425సీ. నవలలో ప్రతినాయకుణ్ణి ఎన్నిసార్లు పొడిచినా చావకపోతే, బాలనాగమ్మ కథ విన్న పిల్లలు చిలక కోసం వెతకడం మొదలుపెట్టాలి. 150వ పేజీలో ఊరికే వర్ణించినట్టు కనబడిన పంజరమో, ఉంగరమో, పగిలిన అద్దమో అదే కావచ్చు.

మృగం భర్తగా వచ్చే కథకూ మన దగ్గర చుట్టం ఉంది. పంచతంత్రం సంస్కృత పాఠాల్లో ఒకదానిలో పామును పెళ్లాడిన అమ్మాయి కథ ఉంది. రాత్రి అతను కుబుసం విడిచి మనిషవుతాడు, అతని తండ్రి ఆ కుబుసాన్ని నిప్పుల్లో వేస్తాడు, అతను మనిషిగానే ఉండిపోతాడు. రష్యా కప్ప రాకుమార్తె కథలో భర్త అదే పని చేస్తాడు, కప్ప చర్మం కాల్చేస్తాడు, కానీ అక్కడ తొందరపడ్డందుకు భార్యను పోగొట్టుకుంటాడు. చర్మం కాల్చడమనే ఒక్క పనికి రెండు ఫలితాలు. నవలలో ఎవరైనా ఆ చర్మం దాచిన పెట్టె దగ్గరకు వెళితే, ఏది జరగబోతోందో అని ఊపిరి బిగబట్టే హక్కు రెండూ తెలిసిన పాఠకులకే ఉంటుంది.

ఇంట్లో మామ్మ ఉంటే ఆమెకు నవల కథ తెలుగులో చెప్పండి, రోజుకు ఒక భాగం. చెప్పగలిగితే అర్థమైనట్టు. చెబుతూ ఎక్కడ తడబడితే ఆ అధ్యాయం మళ్లీ చదవాలి. మామ్మ 'ఇది మన ఫలానా కథలా ఉందే' అంటే ఆ కథ పేరు నోటుబుక్కులో ఎక్కించండి. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాని పిల్లలకు ఇది అటు భాషకూ పని చేస్తుంది.

తొమ్మిదో మెట్టు: ముగింపు దగ్గర తొందర వద్దు

చివరి యాభై పేజీలు ఒక్క ఊపున చదివేయాలనిపిస్తుంది, చదివేయండి. మర్నాడు ఆ యాభై మాత్రం మళ్లీ తిరగేసి ఆనవాళ్ల పేజీతో సరిపోల్చండి. తొమ్మిదిలో ఎన్ని వచ్చాయి, ఎన్ని తలకిందులయ్యాయి, ఏది రానేలేదు?

ముఖ్యంగా శిక్ష, క్షమ. అక్కలు, సవతి తల్లి, మంత్రగత్తె ఏమయ్యారు? గ్రిమ్ మొదటి కూర్పులో స్నో వైట్‌ను చంపించబోయేది కన్నతల్లే. 1819 కూర్పులో ఆమెను సవతి తల్లిగా మార్చారు. దుర్మార్గం ఎవరి మీద పెట్టాలన్నది రెండు వందల ఏళ్ల కిందటే తేలని విషయం. నవల ఆ తల్లికి ఒక గతం ఇచ్చిందా, లేక ఊరికే చెడ్డదిగా వదిలేసిందా?

దుఃఖాంత మూలకథలకు ఇంకా జాగ్రత్త కావాలి. ఆండర్సన్ 1837లో రాసిన లిటిల్ మెర్మెయిడ్‌లో జలకన్య నాలుక పోగొట్టుకుంటుంది, అడుగు వేసినప్పుడల్లా కత్తుల మీద నడిచినట్టుంటుంది, చివరకు రాకుమారుడు ఇంకొకరిని పెళ్లాడతాడు. అతన్ని చంపి బతకమని అక్కలు తమ జుట్టు అమ్ముకుని కత్తి తెచ్చిస్తారు. ఆమె చంపదు, నురగైపోయి గాలి కన్యల్లో కలుస్తుంది. దీన్ని రొమాన్స్ నవలగా రాసేవాళ్లు పెళ్లితో ముగించాలంటే ఎక్కడో ఒకచోట ఆ కత్తికి సమాధానం చెప్పాలి. కత్తి ఊసే ఎత్తకుండా పెళ్లి చేసేసిన నవల మనకు నచ్చకపోతే అది మన తప్పు కాదు.

నలుగురు కలిసి చదివితే

ఒకే వీధిలో లేదా ఒకే హాస్టల్లో నలుగురైదుగురు పిల్లలుంటే ఒక పుస్తకం కలిసి చదవచ్చు. పుస్తకాన్ని నాలుగు భాగాలు చేసి, వారానికొక భాగం చొప్పున నాలుగుసార్లు కూర్చోండి. గంట చాలు. ముందు కూర్చున్నప్పుడే అందరూ మూలకథ చదివి ఉండాలి. ఆనవాళ్ల పేజీ ఒక్కరే రాసి అందరికీ ఫోటో పంపాలి. ముందే చదివేసినవాళ్లు మిగతావాళ్లకు ముగింపు చెప్పకూడదని మొదటి రోజే ఒట్టు పెట్టించండి, ఈ ఒక్క విషయంలోనే జట్లు విడిపోతాయి. మాట తెలుగులో సాగినా, ఒడియాలో సాగినా, రెండూ కలిసినా అడ్డు చెప్పొద్దు. కానీ బేరం వాక్యాలను మాత్రం పుస్తకంలో ఉన్న ఇంగ్లీషులోనే పైకి చదవాలి, మెలిక అక్కడి మాటల్లోనే ఉంటుంది గనక.

వరుస పుస్తకాల్లో మొదటిది అయిపోయి రెండోది చేతికి రావడానికి ఇంకా రోజులు పడితే, పేర్ల జాబితా, బేరం వాక్యాలు, విప్పని చిక్కుముళ్లు మూడూ ఒక పేజీలో రాసి ఆ మొదటి పుస్తకం వెనక అట్టలో మడిచి పెట్టండి. రెండో భాగాలు తరచు వేరే మూలకథలోకి మళ్లుతాయి. పార్సిలు వచ్చేలోపు వెనక అట్ట వర్ణన చూసి, ఆ కొత్త కథ ఏదో కనుక్కుని, రెండు పాఠాలు చదివి ఉంచుకోండి.